అద్దె ఇంటి లోపాలను తాళంచెవి ఇచ్చే ముందే కాగితం మీద పెట్టించండి

అద్దె చట్టాలు రాసే శాసనసభ్యులకు, వాటిని అమలు చేసే గృహనిర్మాణ, రెవెన్యూ, న్యాయ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

లోపాలు దాచిపెట్టి ఇళ్లు అద్దెకివ్వడం మీద మా బిల్డింగులోని అద్దెదారులం కలిసి సంతకాలు చేసి ఒక వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నట్టు రసీదు ఇచ్చారు. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ రెండో వినతిపత్రం రాశాం. చివరికి నోటిమాటగా చెప్పింది ఒక్కటే: "అది మీకూ మీ ఓనరుకూ మధ్య ఉన్న సివిల్ వ్యవహారం. కోర్టుకు వెళ్లండి." అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

కోర్టుకు వెళ్లే హక్కు మాకుందని తెలుసు. వెళ్లినా అద్దెదారు గెలవడం ఎందుకింత కష్టంగా ఉందో, ఆ కష్టంలో ఎంత భాగం చట్టం రాసిన తీరులోనే ఉందో మీ దృష్టికి తేవాలని ఈ లేఖ.

చట్టంలో ఉన్నది, లేనిది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో యజమాని బాధ్యతల జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది ఇదే. ఇంటిని ఏ అవసరానికి అద్దెకిస్తున్నారో ఆ అవసరానికి అడ్డొచ్చే ముఖ్యమైన లోపం ఏదైనా ఉందనుకుందాం. అది యజమానికి తెలుసు, అద్దెదారుకు తెలియదు. మామూలు జాగ్రత్తతో చూసినా కంటపడదు. అలాంటి లోపాన్ని యజమాని చెప్పి తీరాలి. వందా నలభై ఏళ్లకు పైగా ఈ మాట చట్టంలో ఉంది. అయినా ఇల్లు చూపించేటప్పుడు "ఈ గోడకు చెమ్మ ఎక్కుతుంది" అని తనంతట తానుగా చెప్పిన యజమానిని నేను చూడలేదు. మా వినతిపత్రం మీద సంతకం పెట్టినవాళ్లలో ఎవరూ చూడలేదు.

మొదటి కారణం ఆ సెక్షన్ మొదటి వాక్యంలోనే ఉంది. దానికి విరుద్ధమైన ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడే ఈ బాధ్యతలు వర్తిస్తాయని అక్కడ రాసి ఉంది. అందుకే బజారులో దొరికే అగ్రిమెంటు నమూనాల్లో "ఇంటిని పూర్తిగా పరిశీలించి, ఉన్నది ఉన్నట్టుగా సంతృప్తితో తీసుకుంటున్నాను" అన్న వాక్యం కనిపిస్తుంది. అద్దెదారు చదివేది అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవే. ఆ ఒక్క వాక్యం మీద సంతకం పడితే, చట్టం తనకిచ్చిన రక్షణ వర్తించదని వాదించే అవకాశం ఎదుటివాళ్లకు దొరుకుతుంది.

రెండోది రుజువు. లోపం ఉందని చూపిస్తే సరిపోదు. అది యజమానికి ముందే తెలుసని కూడా అద్దెదారే నిరూపించాలి. ఎలా నిరూపిస్తాడు? పాత రిపేరు బిల్లులు ఓనరు దగ్గరే ఉంటాయి. పాత అద్దెదారు ఫిర్యాదు చేసి ఉంటే అది అతని ఫోన్లోనో ఓనరు ఫోన్లోనో ఉంటుంది. ప్లంబరుకూ మేస్త్రీకీ మళ్లీ పని ఇచ్చేది ఆ ఓనరే, కాబట్టి వాళ్లు సాక్ష్యానికి రారు. తెలుసని చెప్పే ప్రతి ఆధారమూ ఎవరి మీద కేసు వేశామో వాళ్ల చేతిలోనే ఉంది.

మూడోది నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది. అదే చట్టంలో 55వ సెక్షన్ అమ్మకం గురించి చెబుతుంది. ఆస్తి అమ్మేవాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని కొనేవాడికి చెప్పాలి, చెప్పకపోతే దాన్ని మోసంగానే పరిగణించాలి అని అక్కడ స్పష్టంగా రాశారు. 108వ సెక్షన్‌లో, అంటే అద్దె విషయంలో, ఆ వాక్యం లేదు. కొనేవాడి దగ్గర దాస్తే మోసం. అద్దెకు దిగేవాడి దగ్గర దాస్తే ఏమవుతుందో చట్టం అంత తేటగా చెప్పలేదు. 1872 నాటి ఒప్పందాల చట్టాన్ని ఆశ్రయిద్దామంటే, చెప్పాల్సిన బాధ్యత ఉన్నచోట తప్ప వట్టి మౌనం మోసం కాదని అక్కడ 17వ సెక్షన్ వివరణ ఉంది. మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలున్నప్పుడు ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరని 19వ సెక్షన్ మినహాయింపు ఉంది. "చూసుకునే కదా దిగారు" అని ప్రతి ఓనరూ అనే మాటకు బలం అక్కడి నుంచే వస్తోంది.

బిల్డర్లను నియంత్రించే 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సంగతీ చూడండి. ఫ్లాటు స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి కొన్నవాళ్లు చెబితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 14వ సెక్షన్ అంటుంది. మంచి నియమం. అయితే ఆ హక్కు ఎవరికుందో నిర్వచించే చోట, అద్దెకు ఉంటున్న వ్యక్తి ఆ కోవలోకి రాడని చట్టమే ప్రత్యేకంగా చెప్పింది. శ్లాబు పెచ్చులు ఊడితే కింద పడుకున్నది అద్దెదారు కుటుంబమే అయినా, అడిగే హక్కు వేరే ఊళ్లో ఉంటున్న ఫ్లాటు ఓనరుదే.

ఇక రాష్ట్రాలు తమ చట్టాలకు నమూనాగా వాడుకోవడానికి కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం. ఇందులో మాకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి, కాదనను. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదన్నారు. నిర్మాణపరమైన రిపేర్లు, సున్నాలు, పైపుల మార్పు, వైరింగ్ యజమాని పనులని రెండో షెడ్యూల్లో రాశారు. అద్దె వ్యవహారాల కోసమే రెంట్ అథారిటీ, రెంట్ కోర్టు, రెంట్ ట్రిబ్యునల్ పెట్టాలన్నారు. కానీ అద్దెకిచ్చేటప్పుడు రెంట్ అథారిటీకి సమర్పించాల్సిన ఫారం తీసి చూడండి. అద్దె ఎంత, ఇంట్లో ఏ ఫర్నిచరు, ఏ పరికరాలు ఇస్తున్నారు లాంటివన్నీ అడుగుతుంది. ఇంట్లో ఏ లోపం ఉందో అడగదు. ఎన్ని ఫ్యాన్లు ఇచ్చారో రాయించుకునే చోట, పైనుంచి నీళ్లు కారుతున్నాయో లేదో రాయించుకోవడం ఎంత పని?

దాచిన లోపం జనం మీద ఎలా పడుతుంది

1. ఆరోగ్యం. మా ఇంటి విషయమే చెబుతాను. మేం దిగేటప్పటికి కొత్త పెయింటు వాసన కూడా పోలేదు. గోడలు నున్నగా ఉన్నాయి. వానలు మొదలయ్యాక పడకగది గోడ మీద పెయింటు పొక్కుల్లా లేచింది, ఆ వెనకే తెల్లటి ఉప్పు, తర్వాత నల్లటి బూజు. పై ఫ్లోరు బాత్రూం పైపు నుంచి శ్లాబులోకి నీళ్లు దిగుతున్నాయని, అంతకు ముందున్నవాళ్లు ఇదే కారణంతో ఖాళీ చేశారని పక్క పోర్షన్ వాళ్లు చెప్పారు. చెమ్మ గోడను గీకి పుట్టీ పెట్టి పెయింటు వేస్తే కొన్ని వారాల పాటు ఏమీ తెలియదు. ఇల్లు చూపించడానికి ఆ కొన్ని వారాలు చాలు. మా అమ్మాయికి రాత్రిళ్లు పిల్లికూతలు మొదలైతే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో చెమ్మ ఉందా అని. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో శ్వాస సమస్యలు పెరుగుతాయని, ఆస్తమా ఉన్నవాళ్లకు అది ముదురుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వెలువరించింది. లాయరు నోటీసు పంపిస్తే ఓనరు నుంచి వచ్చిన సమాధానం: "ఆ విషయం నాకు తెలియదు." పాత అద్దెదారు ఫోన్లో అంతా చెప్పాడు గానీ, సాక్ష్యానికి రమ్మంటే రానన్నాడు. ఆయన్నీ తప్పుపట్టను. ఆయన అడ్వాన్సు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదట.

2. ప్రాణాపాయం. కొన్ని లోపాలు బూజులా కనపడవు. మూడు రంధ్రాల ప్లగ్గు పాయింటు ఉన్నంత మాత్రాన లోపల ఎర్తింగ్ వైరు ఉన్నట్టు కాదు, బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మనిషికి షాక్ తగిలిన క్షణంలోనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో ఉందో లేదో సామాన్యుడికి తెలియదు. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజరు పెడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు, వాసన ఉండవు, లోపల స్నానం చేస్తున్న మనిషి అరవడానికి కూడా ముందే స్పృహ తప్పుతాడు. కాంక్రీటులోకి నీరు దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి సన్‌షేడ్లూ బాల్కనీలూ పెచ్చులు పెచ్చులుగా రాలతాయి. వీటిలో ఏదీ ఇల్లు చూడటానికి వచ్చిన పది నిమిషాల్లో బయటపడేది కాదు.

3. నీళ్లు. సెప్టిక్ ట్యాంకు కారి పక్కనే ఉన్న సంపులోకో బోరులోకో చేరుతుంటే ఆ సంగతి ముందు తెలిసేది ఓనరుకే. అద్దెదారుకు తెలిసేది ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాక.

4. డబ్బు. అడ్వాన్సు, బ్రోకరు కమిషన్, సామాన్ల లారీ, పిల్లల స్కూలు మార్పు, ఇవన్నీ దిగిన రోజే అయిపోతాయి. లోపం బయటపడ్డాక ఖాళీ చేయాలంటే ఇవన్నీ రెండోసారి పెట్టాలి. పైగా వెళ్లేటప్పుడు "పెయింటింగ్ ఖర్చు" అని అడ్వాన్సులో కోత. ఆ పెయింటుతోనే తర్వాతి కుటుంబం కంటికి చెమ్మ కనపడకుండా చేస్తారు. అంటే లోపాన్ని కప్పిపెట్టే ఖర్చు కూడా దానివల్ల నష్టపోయినవాళ్లే భరిస్తున్నారు. ఇంతగా బాధపెట్టిన సంగతి ఈ లేఖలో ఇంకొకటి లేదు.

5. కాలం. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి మన దగ్గర అగ్రిమెంట్లు 11 నెలలకే రాసుకుంటారు. సివిల్ కోర్టులో కేసు తేలడానికి అంతకన్నా ఎన్నో రెట్లు పడుతుంది. కేసు నంబరు వచ్చే లోపు అగ్రిమెంటు గడువే ముగుస్తుంది, మళ్లీ రాయను, ఖాళీ చెయ్యమంటాడు ఓనరు. కొత్త ఇంటి కోసం వెళితే అక్కడి ఓనరు పాత ఓనరుకు ఫోను చేసి "మనిషి ఎలాంటివాడు" అని అడుగుతాడు. ఆ ఒక్క ఫోను కాల్‌కు భయపడి నోరు మెదపనివాళ్లే ఎక్కువ.

6. ఇంట్లో మిగతావాళ్లు. అగ్రిమెంటు ఒక్కరి పేరు మీద ఉంటుంది. దెబ్బ తగిలేది ఆ ఒక్కరికే కాదు.

ఇతర దేశాలు ఈ దారిలో ఎక్కడి దాకా వచ్చాయి

మన పాత చట్టాలు తయారైన కాలంలో ఇంగ్లండు కోర్టుల ధోరణి వేరుగా ఉండేది. మోసం చేయనంత వరకు, కూలిపోయేలా ఉన్న ఇంటిని అద్దెకివ్వకూడదనే చట్టమేదీ లేదని 1863లో ఒక కేసులో అక్కడి కోర్టు అంది. 1906లో ఇంకో కేసు వచ్చింది. నేల పాడైందని, బాగుచేయిస్తానని ఇంటి యజమాని తరఫు మనిషి భర్తకు మాటిచ్చాడు, చేయించలేదు, ఆ నేల కూలి భార్య గాయపడింది. ఒప్పందం భర్తతో తప్ప ఆమెతో లేదు కాబట్టి ఆమెకు పరిహారం రాదని అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఇప్పుడు అక్కడ పరిస్థితి అది కాదు. 1972 నాటి లోపభూయిష్ట భవనాల చట్టం, ఇంటి లోపం వల్ల దెబ్బతినే అవకాశమున్న వారందరి పట్లా రిపేరు బాధ్యత ఉన్న యజమాని జవాబుదారీ అంది. మనిషి నివసించడానికి తగిన స్థితిలో ఇల్లు ఉండాలన్న 2018 చట్టం 2019 మార్చి 20 నుంచి అక్కడ అమల్లోకి వచ్చింది. అద్దెదారే నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు.

2020 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో రెండేళ్ల బాబు చనిపోయాడు. ఇంట్లో బూజు ఉందని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. చావుకు ఆ బూజే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ బాబు పేరు మీద వచ్చిన అవాబ్ చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాలకు, అంటే స్థానిక సంస్థలూ గృహ సంఘాలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, వర్తిస్తోంది. ప్రాణాపాయం ఉన్న లోపమైతే 24 గంటల్లో సరిచేయాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో తనిఖీ చేసి, ప్రమాదం తేలాక 5 పనిదినాల్లో సురక్షితం చేయాలి. ఒక పసివాడు పోతే గానీ ఆ గడువులు రాలేదు. మన దగ్గర ఇంకెవరో పోయేదాకా ఆగొద్దని వేడుకుంటున్నాను.

అమెరికాలో 1992లో చేసిన చట్టం ప్రకారం, 1978కి ముందు కట్టిన ఇంటిని అద్దెకిచ్చేటప్పుడు అందులో సీసం కలిసిన పెయింటు ఉందని తెలిస్తే యజమాని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే నష్టానికి మూడు రెట్లు కట్టాల్సి రావచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో 2023 నుంచి ఇంటికి వరద ముప్పు ఉందా, గతంలో నీళ్లు వచ్చాయా అన్నది లీజులోనే రాయాలి. వాన పడితే సెల్లారూ గ్రౌండు ఫ్లోరూ మునిగే మన దేశంలో ఈ రెండో నియమం ఎంత అవసరమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

యజమానుల వైపు నుంచి

ఇళ్ల యజమానులంతా మోసగాళ్లని నేను అనడం లేదు. జీవితాంతం దాచుకున్న డబ్బుతో కట్టిన ఒక్క పోర్షన్ అద్దె మీద బతికే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. రిపేరు చేయించే స్తోమతు లేక ఊరుకునేవాళ్లూ ఉన్నారు. లోపం చెబితే ఇల్లు ఎవరూ తీసుకోరేమోనన్న వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ చెప్పి ఇచ్చిన లోపం మీద రేపు కేసు పడదు, దాచి ఇచ్చిన దాని మీదే పడుతుంది. వెల్లడి పత్రం మీద ఇద్దరి సంతకాలుంటే, అద్దెదారు వల్ల జరిగిన నష్టమేదో ముందునుంచీ ఉన్నదేదో కూడా తేలిపోతుంది. నిజాయితీగా ఉండే యజమానికి ఇది రక్షణే. ఇప్పుడున్న పద్ధతిలో గోడ బాగుచేయించి అద్దెకిచ్చినవాడికీ, పుట్టీ పూసి ఇచ్చినవాడికీ ఒకే అద్దె వస్తోంది.

ఈ లేఖ చదివే తోటి అద్దెదారులకు ఒక్క మాట. చట్టం మారేలోపు, సామాన్లు దించకముందే ప్రతి గదినీ, పైకప్పునూ, బాత్రూం మూలలనూ ఫోన్లో వీడియో తీసి అదే రోజు ఓనరుకు పంపండి. రిపేరు సంగతి ఫోన్లో మాట్లాడినా, తర్వాత మెసేజిలో రాసి పెట్టండి. ఫోన్లోని వీడియోలను కోర్టులో చూపాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, కాబట్టి అసలు ఫైలు ఉన్న ఫోన్ను మార్చేయకండి.

మా డిమాండ్లు

1. ప్రతి అద్దె అగ్రిమెంటుకూ యజమాని సంతకంతో వెల్లడి పత్రం జతచేయడం తప్పనిసరి చేయాలి. గత మూడేళ్లలో చెమ్మ, లీకేజీ, వాటికి చేయించిన రిపేర్లు. శ్లాబు, పిల్లర్లు, బాల్కనీల్లో పగుళ్లు. వాన నీళ్లు ఇంట్లోకి వచ్చాయా. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ ఉన్నాయా. నీళ్లు ఎక్కడివి, సెప్టిక్ ట్యాంకుకు సంపు ఎంత దూరం. గ్యాస్ గీజరుంటే గాలి వెళ్లే దారి. లిఫ్టు, అగ్నిప్రమాదంలో బయటపడే మెట్లు. భవనానికి నివాసయోగ్యతా పత్రం ఉందా, కూల్చివేత నోటీసులేమైనా ఉన్నాయా. ఇల్లు తాకట్టులో ఉందా. ఇవన్నీ ఒకే పేజీలో పడతాయి. "తెలియదు" అని రాసే అవకాశం కూడా ఉండనివ్వండి, అది కూడా సంతకం కిందే ఉండాలి. ఈ పత్రం లేని అగ్రిమెంటును రెంట్ అథారిటీ గానీ రిజిస్ట్రేషన్ కార్యాలయం గానీ స్వీకరించకూడదు.

2. తెలిసీ చెప్పకపోవడాన్ని, అమ్మకం విషయంలో 55వ సెక్షన్ చెప్పినట్టే, అద్దె విషయంలోనూ మోసంగా పరిగణించాలని రాష్ట్ర అద్దె చట్టంలో రాయండి. "ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను" అన్న వాక్యంతో ఈ బాధ్యత చెరిగిపోకూడదు. అలాంటి షరతు చెల్లదని చట్టమే చెప్పాలి.

3. దిగిన ఆరు నెలల్లోపు బయటపడిన చెమ్మ, నిర్మాణ, వైరింగ్, మురుగు లోపాలు అంతకు ముందు నుంచే ఉన్నాయని భావించాలి. కాదని నిరూపించే భారం యజమాని మీద పెట్టాలి. ఆధారాలన్నీ ఎవరి దగ్గరుంటాయో భారం కూడా వాళ్ల మీదే ఉండటం న్యాయం. పాత అద్దెదారుల ఫిర్యాదులు, రిపేరు బిల్లులు తెప్పించే అధికారం రెంట్ కోర్టుకు ఇవ్వండి.

4. దాచిన లోపం మీద నష్టపరిహారం కేసులు రెంట్ కోర్టు పరిధిలోకి వస్తాయని స్పష్టంగా రాయండి. నమూనా చట్టం ఆ కోర్టుకు పెట్టిన 60 రోజుల గడువు వీటికీ వర్తించాలి. అద్దె తగ్గింపు, అడ్వాన్సు పూర్తి వాపసు, ఇల్లు మారే ఖర్చు, వైద్య ఖర్చు ఇప్పించే అధికారం ఉండాలి.

5. ఫిర్యాదు అందిన వారంలో మున్సిపల్ ఇంజనీరు ఇల్లు చూసి రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. నిపుణుణ్ని పెట్టుకునే స్తోమతు అద్దెదారులకు లేదు. గ్యాస్, కరెంటు, కూలే ప్రమాదం ఉన్న నిర్మాణం లాంటివైతే 24 గంటల్లో చర్య ఉండాలి.

6. అగ్రిమెంటులో పేరు లేకపోయినా ఆ ఇంట్లో నివసించే ప్రతి ఒక్కరికీ పరిహారం అడిగే హక్కు ఉండాలి.

7. ఫిర్యాదు చేసిన ఏడాదిలోపు ఖాళీ చేయించడం, అద్దె పెంచడం, నీళ్లూ కరెంటూ ఆపడం ప్రతీకారంగానే భావించాలి, కాదని యజమాని నిరూపించుకోవాలి.

8. ఇల్లు చూపించి కమిషన్ తీసుకునే బ్రోకర్లు తమకు తెలిసిన లోపం దాస్తే కమిషన్ వాపసు ఇవ్వాలి.

వీటికి కొత్త శాఖ అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. మొదటి డిమాండుకు కావాల్సింది ఒక పేజీ ఫారం, ఒక ఉత్తర్వు. మిగతావాటికి శాసనసభలో సవరణ కావాలి. నమూనా చట్టాన్ని మీ రాష్ట్రానికి తగ్గట్టు మార్చుకునే వీలు మీ చేతిలోనే ఉంది.

ఈ ఎనిమిదింటిలో ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకో, అంశం వారీగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. ముసాయిదా తయారు చేసేటప్పుడు యజమానుల సంఘాలతో పాటు అద్దెదారులనూ పిలవండి. వెల్లడి పత్రానికి మేం రాసుకున్న నమూనాను మా రెండో వినతిపత్రానికి జతచేశాం, అది మీ కార్యాలయంలోనే ఉంది. దాన్ని వెబ్‌సైటులో పెట్టి జనం అభిప్రాయాలు తీసుకోవచ్చు. వచ్చే వానాకాలంలోపు అది అమల్లోకి రావాలి.

ఇట్లు,
మా బిల్డింగు అద్దెదారుల తరఫున,
ఒక అద్దెదారు